డీటీహెచ్ బిల్లు చెప్పాపెట్టకుండా పెరిగితే ముందు చూడాల్సింది మొత్తం కాదు, లైన్లు

మీ ప్రశ్న క్లుప్తంగా ఇదీ: అమ్మగారి ఇంట్లో డీటీహెచ్‌కి నెలకి 310 రూపాయలు అయ్యేది, ఈమధ్య 412 అవుతోంది, మీరు కొత్తగా ఏ చానలూ పెట్టించలేదు, కస్టమర్ కేర్‌కి ఫోన్ చేస్తే "చానల్ రేట్లు పెరిగాయి సార్" అని పెట్టేశారు. తగ్గించుకునే దారి ఉందా, లేక అది తీసేసి ఓటీటీకి వెళ్ళిపోవడమే నయమా?

సూటిగా చెప్తాను. తగ్గుతుంది. అచ్చంగా పాత 310కి వస్తుందో రాదో బిల్లు చూడకుండా చెప్పలేను గానీ, పెరిగిన 102లో పెద్ద ముక్క వెనక్కి వచ్చే అవకాశం బాగానే ఉంది. దానికి మీరు చేయాల్సింది "ఎందుకు పెంచారు" అని పోట్లాడటం కాదు. ఏ లైన్‌కి ఎంత పడుతోందో విడదీసి చూపించమని అడగండి. విడదీసిన లెక్క చేతికి వచ్చేదాకా ఏ ప్యాక్ మార్చడానికీ ఒప్పుకోవద్దు, ఏ ఆఫర్‌కీ సరే అనొద్దు.

నేను కేబుల్ ఆపరేటర్ దగ్గర నెలనెలా వసూళ్ళు చేస్తూ ఈ పనిలోకి వచ్చి, తర్వాత సొంతంగా డీటీహెచ్ డీలర్‌షిప్ పెట్టుకున్నవాణ్ణి. కౌంటర్ దగ్గరికి వచ్చి "బిల్లు పెరిగిందయ్యా" అనేవాళ్ళ ఖాతా తెరిచి చూస్తే, చానల్ రేటు పెరగడం అందులో ఒక భాగమే అవుతుంది. మిగతాదంతా వాళ్ళకు తెలియకుండా చేరిందో, ఒకప్పుడు తెలిసే చేరి ఇప్పుడు మర్చిపోయిందో అయి ఉంటుంది. కస్టమర్ కేర్‌లో మాట్లాడే పిల్లలకి ఒక్కో కాల్ త్వరగా ముగించాలనే ఒత్తిడి ఉంటుంది కాబట్టి అన్నిటికీ కలిపి "రేట్లు పెరిగాయి" అనేస్తారు. అది పూర్తిగా అబద్ధం కాదు, అలాగని పూర్తి నిజమూ కాదు.

ముందు లెక్క సరిచేసుకుందాం. టీవీ చందా మీద 18 శాతం జీఎస్‌టీ ఉంది. అంటే మీకు పెరిగిన 102లో 15 రూపాయల 56 పైసలు పన్నే. అసలు పెరిగింది సుమారు 86 రూపాయల 44 పైసలు. మీరు బిల్లులో వెతకాల్సింది ఈ 86 ఎక్కడుందో. ఇది ఎందుకు చెప్తున్నానంటే చానల్ రేట్లన్నీ పన్ను లేకుండా రాసి ఉంటాయి, మీ ఖాతాలోంచి పోయేది మాత్రం పన్నుతో కలిపి. 19 రూపాయల చానల్ మీ దగ్గర 22 రూపాయల 42 పైసలు తింటుంది. ఈ తేడా తెలియక కంపెనీ ఎక్కువ గుంజుతోందని గొడవపడి, తీరా పన్ను అని తెలిశాక అసలు విషయం కూడా వదిలేసి వెళ్ళిపోయినవాళ్ళని చూశాను.

ఇప్పుడు బిల్లులో ఏముంటుందో చూద్దాం. మూడు రకాల లైన్లు ఉంటాయి: నెట్‌వర్క్ ఫీజు, చానళ్ళ ఖరీదు, మిగతావి. మనకి పని ఎక్కువగా ఉండేది ఆ మూడోదాంట్లోనే.

నెట్‌వర్క్ ఫీజునే ఎన్‌సీఎఫ్ అంటారు. మీరు ఏ పే చానలూ తీసుకోకపోయినా సిగ్నల్ ఇంటిదాకా తెచ్చినందుకు కట్టేది. టెలికాం, టీవీ ప్రసారాల నియంత్రణ సంస్థ ట్రాయ్ 2017లో తెచ్చిన టారిఫ్ ఆర్డర్, అంటే ధరల నిబంధనలు, కోర్టులు దాటుకుని 2019 ఫిబ్రవరి నుంచి జనం బిల్లుల్లోకి వచ్చినప్పుడు, 100 ఎస్‌డీ (మామూలు నాణ్యత) చానళ్ళ దాకా ఈ ఫీజు 130 రూపాయలు మించకూడదని పరిమితి ఉండేది, పన్నుతో 153 రూపాయల 40 పైసలు. 2020 జనవరిలో సవరణ చేసి అదే 130కి 200 చానళ్ళు ఇవ్వాలని, అంతకంటే ఎక్కువ తీసుకుంటే 160 దాటకూడదని అన్నారు. చాలామంది బుర్రలో ఇప్పటికీ ఆ 130, 160 లెక్కలే ఉన్నాయి. కానీ 2024 జులైలో ట్రాయ్ ఆ పరిమితిని ఎత్తేసింది. ఇప్పుడు ఏ కంపెనీ ఎంత ఫీజు పెట్టుకోవాలన్నది ఆ కంపెనీ ఇష్టం, ప్రాంతాన్ని బట్టి, కస్టమర్ల తరగతిని బట్టి వేరువేరుగా కూడా పెట్టుకోవచ్చు. దాన్ని బయటికి ప్రకటించాలి, కస్టమర్‌కి తెలియజేయాలి, అంతే. కాబట్టి "130 కంటే ఎక్కువ తీసుకోవడం చట్టవిరుద్ధం" అని పాత వీడియోలు చూసి వాదనకి దిగితే మీరే ఓడిపోతారు. దాని బదులు "మీ వెబ్‌సైట్‌లో ప్రకటించిన ఎన్‌సీఎఫ్ ఎంత, నాకు వేస్తున్నది ఎంత" అని అడగండి. రెండూ ఒకటే అయితే ఆ లైన్‌ని వదిలేయండి, అక్కడ మీకు రూపాయి రాదు.

రెండో టీవీ ఉంటే దానికి విడిగా ఎన్‌సీఎఫ్ ఉంటుంది. అమ్మగారింట్లో పై గదిలోనో, ఒకప్పుడు తమ్ముడు ఉన్న గదిలోనో బాక్సు ఒకటి అలాగే ఉండిపోయిందేమో చూడండి. నవ్వకండి, ఇది నేను మాటిమాటికీ చూసేదే. పిల్లలు ఉద్యోగానికి హైదరాబాద్ వెళ్ళిపోతారు, ఆ గదిలో టీవీ కూడా తీసేస్తారు, బాక్సు అటక మీద ఉంటుంది, దాని కనెక్షన్ మాత్రం ఇంట్లో బాక్సుతో పాటు ఒకే ఖాతాలో రోజూ డబ్బు తింటూనే ఉంటుంది.

ఇక చానళ్ళ ఖరీదు. దీన్ని నిర్ణయించేది మీ డీటీహెచ్ కంపెనీ కాదు, చానల్ యజమాని. వాళ్ళు ప్రకటించిన గరిష్ఠ ధర కంటే డీటీహెచ్ వాళ్ళు ఎక్కువ తీసుకోకూడదు. బొకేల్లో, అంటే చానళ్ళని గంపగుత్తగా అమ్మే ప్యాకుల్లో, పెట్టే చానల్ విడి ధరకి 19 రూపాయల పరిమితి ఉంది. మధ్యలో 2020లో దాన్ని 12కి తగ్గించారు, చానళ్ళ వాళ్ళు కోర్టుకి వెళ్ళారు, చివరికి 2022 నవంబర్‌లో మళ్ళీ 19 చేసి 2023 ఫిబ్రవరి నుంచి అమలు చేశారు. ఆ ఫిబ్రవరిలో కొత్త ధరలకి ఒప్పుకోని కేబుల్ సంస్థలకి పెద్ద చానళ్ళు సిగ్నల్ ఆపేస్తే మా వీధిలో సీరియళ్ళు రాక జనం ఎవరిని తిట్టాలో తెలియక నన్నే తిట్టారు. అదలా ఉంచండి. చానల్ రేటు నిజంగా పెరిగిందా లేదా అని తెలుసుకోవడానికి కస్టమర్ కేర్ అక్కర్లేదు. టీవీలోనే గైడ్ తెరిచి చానల్ పేరు మీద ఆగితే చాలా బాక్సుల్లో పక్కనే ధర కనిపిస్తుంది, 999 నంబర్‌కి వెళ్తే కంపెనీ సమాచారం చానల్ వస్తుంది. పెరిగిన రేటుతో మీరు పోట్లాడలేరు, చానల్‌ని తీసేయగలరు. అదొక్కటే మీ చేతిలో ఉన్న ఆయుధం, కానీ గట్టిదే.

ఇక్కడ ఒక మెలిక ఉంది. బొకేలో ఉన్న చానళ్ళ విడి ధరలు కలిపితే వచ్చే మొత్తం మీద 45 శాతం దాకా తగ్గింపు ఇవ్వొచ్చని నిబంధన. ఉదాహరణకి ఒక బొకేలో చానళ్ళ విడి ధరలన్నీ కలిపి 60 అనుకోండి, బొకే 33 కంటే తక్కువకి ఇవ్వకూడదు. మీ అమ్మగారు అందులో 19 రూపాయల చానల్ ఒక్కటే చూస్తే విడిగా తీసుకోవడం లాభం. 19వి రెండు చూస్తే 38 అవుతుంది కాబట్టి 33 బొకేయే నయం. "బొకేలన్నీ మోసం, అన్నీ విడిగా తీసుకోండి" అని సలహా ఇచ్చేవాళ్ళ మాట వినొద్దు, తెలుగు ఇళ్ళల్లో రెండు మూడు పెద్ద వినోద చానళ్ళు, వాటి సినిమా చానళ్ళు కలిపి చూస్తారు కాబట్టి చాలాసార్లు తెలుగు బొకేయే చవక పడుతుంది. డబ్బు వృథా అయ్యేది తెలుగు బొకే పక్కన ఎప్పుడో చేరిన హిందీ, ఇంగ్లీష్, పిల్లల బొకేల్లో.

ఇంకో మాట. దూరదర్శన్ ఫ్రీ డిష్‌లో చందా లేకుండా దొరికే చానల్‌ని మిగతా చోట్ల కూడా ఉచిత చానల్‌గానే చూపాలని 2024 సవరణలో పెట్టారు. మీ బిల్లులో అలాంటి చానల్‌కి విడిగా ధర కనిపిస్తే అడగొచ్చు. పెద్ద మొత్తం రాదు, అయినా అడగండి.

ఇప్పుడు అసలు గని లాంటి మూడో భాగం, "మిగతావి". నా అంచనా ప్రకారం మీ 86లో సగం పైన ఇక్కడే ఉంటుంది.

మొదటి అనుమానితులు వాల్యూ యాడెడ్ సర్వీసులు. భక్తి, వంటలు, పిల్లల చదువు, పాత సినిమాలు, ఫిట్‌నెస్, ఇలాంటి పేర్లతో కంపెనీ సొంత సర్వీసులు ఉంటాయి. ఇవి టీవీ చానళ్ళు కావు, కాబట్టి చానల్ జాబితాలో వెతికితే దొరకవు. మొదట కొన్నాళ్ళు ఉచితం అంటారు, రిమోట్‌లో ఒక బటన్ నొక్కితే చాలు మొదలైపోతుంది, ఉచిత గడువు అయ్యాక రోజుకి ఇంత అని కోత మొదలవుతుంది. రోజుకి రూపాయో రెండో అంటే ఎవరూ పట్టించుకోరు. రోజుకి రెండు రూపాయలంటే నెలకి 60, పన్ను కలిపితే 70 దాటుతుంది. ఒక రిటైర్డ్ మాస్టారు మా షాపుకి వచ్చి ఇలాగే బిల్లు గురించి అడిగితే ఖాతా తెరిచి చూశాం, మనవడు వేసవి సెలవులకి వచ్చినప్పుడు నొక్కిన పిల్లల ఇంగ్లీష్ పాఠాల సర్వీసు సంక్రాంతి దాకా నడుస్తోంది. ఆయన ఇంగ్లీష్ మాస్టారే కావడం వేరే సంగతి.

రెండోది ఆఫర్ గడువు అయిపోవడం. ఆరు నెలలకో ఏడాదికో ఒకేసారి కట్టించుకుని తక్కువ రేటు ఇస్తారు. గడువు అయ్యాక అదే ప్యాక్ అసలు ధరకి వస్తుంది. కస్టమర్ దృష్టిలో ఇది పెంపు, కంపెనీ దృష్టిలో తగ్గింపు ఆగిపోవడం. మీకు 310 పడినది ఏదైనా ఆఫర్‌లోనా అని ఏడాది వెనక్కి వెళ్ళి రీచార్జ్ మెసేజ్‌లు చూడండి. అదే అయితే పెరుగుదల ఒక్క రోజులో, ఒకేసారి కనిపిస్తుంది. వాల్యూ యాడెడ్ సర్వీస్ అయితే ఏ పండుగ టైమ్‌లోనో నెల మధ్యలో మొదలై ఉంటుంది. తేదీ చూస్తే సగం కేసు తేలిపోతుంది.

మూడోది హెచ్‌డీ. కొత్త టీవీ కొన్నప్పుడు ఇన్‌స్టలేషన్‌కి వచ్చిన కుర్రాడు "హెచ్‌డీ వేసుకోండి అమ్మా, బాగుంటుంది" అంటాడు, ఆవిడ సరే అంటారు, హెచ్‌డీ చానళ్ళు వస్తాయి, పాత ఎస్‌డీ చానళ్ళు తీయరు. ఒకే బొకేలో ఒకే చానల్ హెచ్‌డీ, ఎస్‌డీ రెండూ పెట్టకూడదని నిబంధన ఉంది గానీ, మీరు రెండు వేరువేరు బొకేలు తీసుకుంటే ఆపేవాళ్ళు లేరు. అలాగే బొకేలో ఉన్న చానల్‌నే విడిగా కూడా పెట్టుకున్న ఖాతాలు ఉంటాయి. ఇవి రెండూ శుభ్రంగా తీసేయదగ్గవి, తీసేస్తే ఇంట్లో ఎవరికీ తేడా కూడా తెలియదు.

నాలుగోది స్పోర్ట్స్. క్రికెట్ సీజన్‌లో చేరుతుంది, సీజన్ అయ్యాక దానంతట అది పోదు. ఐదోది డీటీహెచ్‌తో కలిపి ఇచ్చే ఓటీటీ కాంబో, మొదటి నెల ఉచితం, తర్వాత బ్యాలెన్స్‌లోంచి కోత. సర్వీస్ ప్లాన్, బాక్సు వారంటీ పొడిగింపు, ఇలాంటివి కూడా అప్పుడప్పుడు కనిపిస్తాయి. రీచార్జ్ చేసే యాప్ వేసే ప్లాట్‌ఫామ్ ఫీజు ఒకటుంటుంది, అది డీటీహెచ్ బిల్లు కాదు, కంపెనీ సొంత యాప్‌లోనో వెబ్‌సైట్‌లోనో కడితే చాలాసార్లు పడదు.

సరే, ఈ విడదీసిన లెక్క ఎలా సంపాదించాలి? కంపెనీ యాప్‌లో రిజిస్టర్డ్ మొబైల్ నంబర్‌తో లాగిన్ అయితే "నా ప్యాక్" అనో "నా సబ్‌స్క్రిప్షన్" అనో ఒకచోట ప్యాకులు, విడి చానళ్ళు, సర్వీసులు అన్నీ ధరలతో ఉంటాయి. స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి, మార్పులు చేశాక పోల్చుకోవడానికి పనికొస్తుంది. అక్కడ ఆగకుండా ట్రాన్సాక్షన్ హిస్టరీ కూడా తెరవండి. డీటీహెచ్‌లో డబ్బు నెలకి ఒకసారి పోదు, రోజూ కొంచెం కొంచెం తగ్గుతుంది. మీ 412ని 30తో భాగిస్తే రోజుకి 13 రూపాయల 73 పైసలు. హిస్టరీలో రోజువారీ కోత 10 రూపాయల చిల్లర నుంచి 13 దాటిన తేదీ పట్టుకోండి, ఆ తేదీన ఏం చేరిందో అదే మీ దొంగ.

అమ్మగారి రిజిస్టర్డ్ నంబర్ ఏదో కూడా చూసుకోండి. చాలా ఇళ్ళల్లో కనెక్షన్ పెట్టిననాటి నంబర్ ఎప్పుడో పోయి ఉంటుంది. ధర మారుతోందని కంపెనీ పంపిన మెసేజ్ ఆ చచ్చిన నంబర్‌కి వెళ్ళి ఉంటుంది. కంపెనీ "మేం చెప్పాం" అంటుంది, మీరు "మాకు చెప్పలేదు" అంటారు, ఇద్దరూ నిజమే చెప్తుంటారు.

యాప్ వల్ల కాకపోతే ఫోన్ చేయండి, కానీ నంబర్ గూగుల్‌లో వెతకొద్దు. సెర్చ్‌లో వచ్చే "కస్టమర్ కేర్" నంబర్లలో నకిలీవి ఉంటాయి, "మీకు రీఫండ్ ఇస్తాం, ఈ యాప్ వేసుకోండి" అని ఖాతా ఖాళీ చేస్తారు. నంబర్ టీవీ తెర మీదో, కంపెనీ యాప్‌లోనో చూసుకోండి. పొరపాటున డబ్బు పోతే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి.

ఫోన్‌లో మాట్లాడేటప్పుడు మాట ఇలా ఉండాలి: "నాకు ఎన్‌సీఎఫ్ ఎంత, ఏయే బొకేలు, ఏయే విడి చానళ్ళు, ఏయే వాల్యూ యాడెడ్ సర్వీసులు, ఒక్కోదాని ధర ఎంత, ఒక్కోటి ఏ తేదీన యాక్టివేట్ అయింది, ఎలా యాక్టివేట్ అయింది, రిమోట్ ద్వారానా, మిస్డ్ కాల్ ద్వారానా, ఏజెంట్ ద్వారానా?" ఈ చివరి ప్రశ్న ముఖ్యం. మీరు అడగకుండా చేరిందని తేలితే కంపెనీలు చాలాసార్లు ఆ సర్వీస్ తీసేసి కొన్ని రోజుల డబ్బు వెనక్కి వేస్తాయి, అవతల మనిషికి అంతవరకు అధికారం ఉంటుంది, అది మీరు అడిగితేనే వాడతాడు. కాల్ అయ్యాక కంప్లయింట్ నంబర్ తీసుకోండి. నంబర్ లేని ఫిర్యాదు చేయనట్టే.

అప్పుడు అవతలి నుంచి ఒక ఎత్తు వస్తుంది. "సార్, ఇవన్నీ విడిగా తీస్తే ఎక్కువ అవుతుంది, మీకో మంచి ప్యాక్ ఉంది, 349కే, వేసేయమంటారా?" ఇది వినడానికి 412 కంటే తక్కువే. కానీ మీరు పాత బిల్లుతో పోల్చాలి, ఇప్పటి బిల్లుతో కాదు. పైగా అందులో ఏముందో ఫోన్‌లో తెలియదు. మెసేజ్‌లో పంపమనండి, పన్ను కలిపి ఎంత, ఎన్నాళ్ళ దాకా ఆ రేటు, మధ్యలో మార్చుకుంటే ఏమవుతుంది అని అడగండి, చూసి చెప్తానని పెట్టేయండి.

ఇంటివాళ్ళు ఏం చూస్తారో కాగితం మీద రాసుకోవడం కూడా చేయండి. ఊహించి రాయొద్దు, అమ్మగారిని ఒక వారం గమనించమనండి, లేదా మీరే వెళ్ళినప్పుడు చూడండి. పొద్దున భక్తి చానల్, మధ్యాహ్నం పాత సినిమా, రాత్రి ఏడు నుంచి సీరియళ్ళు, మధ్యలో వార్తలు. తెలుగు వార్తా చానళ్ళలో చాలావరకు ఉచిత చానళ్ళే. నిజంగా డబ్బు పెట్టి చూసేవి పది కూడా ఉండవు. నేను ఈ పని చేయించిన ఇళ్ళల్లో అందరూ ఒకటే మాట అంటారు, "మరి ఇన్ని చానళ్ళు ఎందుకు పెట్టారు?" అని. పెట్టింది మీరే కాదండీ అని నవ్వి ఊరుకుంటాను.

ఇందులో నా వైపు లాభం ఏంటో కూడా చెప్పేస్తాను, లేకపోతే సలహా ఇచ్చేవాడి మీద అనుమానం రావాలి. పే చానల్ ధరలో కనీసం 20 శాతం పంపిణీ చేసే సంస్థకి వెళ్తుంది. కాబట్టి చానళ్ళు తగ్గిస్తే కంపెనీకి కొంత నష్టమే. కానీ కస్టమర్ పూర్తిగా పోతే మొత్తం పోతుంది. అందుకే రీచార్జ్ ఆపేసి కొన్ని రోజులు ఊరుకుంటే "మళ్ళీ రండి" ఆఫర్లు మొదలవుతాయి. ఇది నిజమే, పనిచేస్తుంది కూడా, కానీ నేను పెద్దగా సమర్థించను. ఆ ఆఫర్ కొన్ని నెలలకే, తర్వాత మళ్ళీ ఇదే ప్రశ్న. పైగా టీవీ ఆగిపోయిన ఆ నాలుగు రోజులు ఇంట్లో ఉండేది మీరు కాదు, మీ అమ్మగారు.

కేబుల్ కనెక్షన్ ఉన్నవాళ్ళకి కథ కొంచెం వేరు. అక్కడ బిల్లు 20, 30, 50 అని గుండు సంఖ్యల్లో పెరుగుతుంది, ఏ లైనూ ఉండదు, ఆపరేటర్ "పైనుంచి పెంచారు" అంటాడు. పైన అంటే ఎమ్ఎస్ఓ, ఆపరేటర్లకి సిగ్నల్ ఇచ్చే పెద్ద కేబుల్ సంస్థ. అతను చెప్పింది నిజమై ఉండొచ్చు కూడా. రసీదు అడగండి, బాక్సు నంబర్ రాసుకోండి, ఎమ్ఎస్ఓ యాప్‌లోనో వెబ్‌సైట్‌లోనో ఆ నంబర్‌తో చూస్తే మీ పేరు మీద ఏ ప్యాక్ నడుస్తోందో, దాని ధర ఎంతో తెలుస్తుంది. రెండింటికీ తేడా ఉంటే ఆపరేటర్‌తో మర్యాదగానే మాట్లాడండి. రేపు వర్షానికి వైరు తెగితే నిచ్చెన వేసుకుని వచ్చేది అతనే. ఎక్కువమంది ఆ లెక్క చూపిస్తే సర్దుకుంటారు.

కంపెనీ వినకపోతే ఎక్కడికి వెళ్ళాలి? మొదట నోడల్ ఆఫీసర్, అంటే కస్టమర్ కేర్‌లో తేలని ఫిర్యాదులు చూసే కంపెనీ అధికారి, వివరాలు కంపెనీ వెబ్‌సైట్‌లో ఉంటాయి, ఫిర్యాదు నంబర్ జతచేసి మెయిల్ పెట్టండి. ఫోన్‌లో కదలని విషయం మెయిల్‌తో కదలడం మామూలే. అక్కడా కాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. దానికీ స్పందించకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్, 5 లక్షల లోపు విలువకి ఫీజు లేదు. కానీ 86 రూపాయల కోసం అక్కడిదాకా వెళ్ళే ఓపిక ఎవరికుంటుంది, 1915 దగ్గరే చాలావరకు తేలుతుంది. ట్రాయ్‌కి నేరుగా ఫిర్యాదు పంపి ఎదురుచూడొద్దు, ట్రాయ్ నిబంధనలు చేస్తుంది, ఒక్కొక్కరి బిల్లు గొడవలు తీర్చదు. ఫిర్యాదులో పనికొచ్చే ఇంకో విషయం: 2023 నవంబర్‌లో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ డార్క్ ప్యాటర్న్‌ల మీద, అంటే కస్టమర్‌ని మభ్యపెట్టి డబ్బు కట్టించే పద్ధతుల మీద, మార్గదర్శకాలు తెచ్చింది, 13 రకాల మాయలని అందులో పేరు పెట్టి చెప్పారు. అడగకుండా బుట్టలో వేరే సర్వీస్ చేర్చడం, చందా రద్దు చేసుకోవడం కష్టం చేయడం రెండూ ఆ జాబితాలో ఉన్నాయి. మెయిల్‌లో ఆ మాట రాస్తే అవతల చదివేవాళ్ళ వేగం మారుతుంది.

ఇక ఓటీటీకి వెళ్ళిపోవాలా? మీరూ మీ ఆవిడా ఉండే ఇల్లు అయితే, వైఫై ఎలాగూ ఉంటే, ఆలోచించొచ్చు. అమ్మగారి ఇంటికి నేను వద్దంటాను. అక్కడ విడిగా బ్రాడ్‌బ్యాండ్ పెట్టించాలి, దాని నెల బిల్లే ఇప్పటి డీటీహెచ్ బిల్లుకి దగ్గరగా వస్తుంది, దాని మీద ఒక్కో ఓటీటీకి చందా. ఆవిడకి చానల్ నంబర్ నొక్కితే సీరియల్ వచ్చే అలవాటు. ఆటోపే మీద నడిచే ఓటీటీ చందాల రేట్లు పెరగవని కూడా ఎవరూ హామీ ఇవ్వలేదు. ఆటోపేలో డబ్బు పోవడానికి కనీసం 24 గంటల ముందు మెసేజ్ రావాలని రిజర్వ్ బ్యాంక్ నిబంధన, అది వస్తుంది, మనం చదవం. మీ యూపీఐ యాప్‌లో ఆటోపే లేదా మ్యాండేట్స్ అనే చోటికి వెళ్ళి ఒకసారి చూడండి, డీటీహెచ్ రీచార్జ్ కూడా అందులో ఉంటే ముందు దాన్ని ఆపండి. ఆటోపే ఉన్న ఇళ్ళల్లోనే బిల్లు పెరిగిన సంగతి ఆలస్యంగా తెలుస్తుంది.

డబ్బు అసలు వద్దనుకుంటే దూరదర్శన్ ఫ్రీ డిష్ ఉంది, నెల చందా ఉండదు, డిష్, బాక్సు ఖర్చు ఒకసారే. కానీ ముందు చానళ్ళ జాబితా చూసి, అమ్మగారు చూసే సీరియళ్ళ చానళ్ళు అందులో ఉన్నాయో లేదో నిర్ధారించుకున్నాకే వెళ్ళండి. వేరే డీటీహెచ్ కంపెనీకి మారాలంటే ఇప్పుడున్న బాక్సు అక్కడ పనిచేయదు, కొత్త బాక్సు ఖర్చు లెక్కలో వేసుకోండి. నెలకి 30 రూపాయలు మిగలడానికి వెయ్యిన్నర పెట్టి మారడం నాకైతే అర్థం కాదు.

మీరు చేయాల్సిన వరుస చెప్తాను: యాప్‌లో హిస్టరీ తెరిచి కోత పెరిగిన తేదీ పట్టుకోండి, ఆ తేదీన చేరినది తీయించండి, డూప్లికేట్ చానళ్ళు, సీజన్ అయిపోయిన స్పోర్ట్స్ తీయించండి, రెండో బాక్సు ఉంటే ఆపించండి, ఆ తర్వాతే బొకేల జోలికి వెళ్ళండి. కొన్ని ప్యాకులకి కొన్నాళ్ళు తీయడానికి వీల్లేకుండా లాక్ ఉంటుంది, అది ఎప్పుడు అయిపోతుందో అడిగి ఫోన్‌లో రిమైండర్ పెట్టుకోండి.

లెక్క వచ్చాక ఇక్కడ పెట్టండి, ఏ లైన్ ఉండాలో ఏది పోవాలో చెప్తాను. కస్టమర్ ఐడీ, ఫోన్ నంబర్ మాత్రం చెరిపేసి పెట్టండి.